కోమా క్లస్టర్ రేడియో వెలుగు: ఈ ఎలక్ట్రాన్లు అంత దూరం ఎలా వచ్చాయి?

రాజోలు_ఎమ్మెస్సీ
ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోమా గెలాక్సీ క్లస్టర్ మీద. మూడు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, టెన్షన్‌గా ఉంది.

కోమా మనకు సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వెయ్యికి పైగా గెలాక్సీలు, వాటి మధ్య ఖాళీలో పలుచటి వేడి గ్యాసు. ఆ ఖాళీ అంతా, ఇంచుమించు 30 లక్షల కాంతి సంవత్సరాల మేర, రేడియోలో మసగ్గా వెలుగుతోంది. దీన్నే రేడియో హాలో అంటున్నారు. 1959లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ నుంచి లార్జ్, మాథ్యూసన్, హాస్లామ్ మొదట పట్టుకున్నారు. ఇది విడివిడి గెలాక్సీల వెలుగు కలిసి కనబడటం కాదు, మధ్య ఖాళీ నుంచే వస్తోందని 1970లో విల్సన్ తేల్చాడు.

కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తే ఎలక్ట్రాన్లు (ఇలాంటి కణాల్నే కాస్మిక్ కిరణాలు అంటారు) అయస్కాంత క్షేత్రంలో చుట్టలు తిరుగుతూ రేడియో తరంగాలు వదులుతాయి. దీన్నే సింక్రోట్రాన్ వెలుగు అంటారు. ఇంతవరకు అర్థమైంది.

నా గొడవ ఇక్కడ. ఈ ఎలక్ట్రాన్లు దాదాపు 10 కోట్ల ఏళ్లలో శక్తి పోగొట్టుకుని రేడియోలో కనబడకుండా పోతాయి. ఆ లోపల గెలాక్సీ నుంచి బయటికి ఎంత దూరం పోగలవని లెక్క వేస్తే 30, 40 వేల కాంతి సంవత్సరాలు దాటట్లేదు. హాలో సగం వెడల్పే 15 లక్షలు. మా గైడ్ గారిని అడిగితే "గెలాక్సీల నుంచి వచ్చాయని రాసెయ్, వైవాలో ఎవరూ అడగరు" అన్నారు. నాకు రాయబుద్ధి కావట్లేదు. నా లెక్క తప్పా?

తాటాకు_పందిరి
తమ్ముడూ, కాంతి వేగానికి దగ్గర అంటున్నావు. అలాగైతే 15 లక్షల కాంతి సంవత్సరాల దూరం 15 లక్షల ఏళ్లలో అయిపోతుంది. ఇంకా తొమ్మిది కోట్ల ఎనభై ఐదు లక్షల ఏళ్లు చేతిలో మిగిలాయి. గొడవేముంది?

రాజోలు_ఎమ్మెస్సీ
తిన్నగా పోతే మీరన్నదే కరెక్టు అన్నా. తిన్నగా పోనివ్వదు కదా అక్కడి అయస్కాంత క్షేత్రం.

లంక_మాస్టారు
ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. పందిరి గారి ప్రశ్న అందరికీ వచ్చేదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అంతర్వేది తీర్థంలో రథం రోజున గుడి ముందు వీధిలో నడిచారా ఎప్పుడైనా? కాళ్లలో సత్తువ ఉంటుంది, వేగం ఉంటుంది, దారి ఉండదు. నాలుగడుగులు ముందుకి, మూడు పక్కకి, రెండు వెనక్కి. గంట నడిచాక చూసుకుంటే బయలుదేరిన జీళ్ల కొట్టు ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. దాని వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లే. కానీ అక్కడ అయస్కాంత రేఖలు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటాయి. ఆ చిక్కుల్లో తిరిగి తిరిగి, నికరంగా ముందుకు జరిగేది సెకనుకు వంద కిలోమీటర్ల లెక్కన. అంటే కాంతి వేగంలో మూడు వేలో వంతు. 10 కోట్లను మూడు వేలతో భాగించండి, 33 వేల కాంతి సంవత్సరాలు. కుర్రాడి లెక్క సరైనదే.

ఇది కొత్త ప్రశ్న కూడా కాదు. 1977లో జాఫే ఇదే పట్టుకున్నాడు. కాబట్టి బాబూ, గైడ్ గారి మాట విని వదిలెయ్యకు. ఆ ఒక్క లెక్కే నీ ప్రాజెక్టుకి ప్రాణం.

రాజోలు_ఎమ్మెస్సీ
థ్యాంక్స్ మాస్టారు. మూడు రోజుల తర్వాత ఇవాళ అన్నం సరిగ్గా తింటాను.

రొయ్యల_చెరువు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది భీమవరం దగ్గర ఆక్వా. కాస్మిక్ కిరణాలంటే మా ఊరి గ్రూపులో ఏటా ఓ మెసేజ్ వస్తుంది, "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు ఆపేయండి, కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా పోతున్నాయి" అని. ఇదేనా అది? మా ఆవిడ నిజంగానే ఫోన్ ఆపేస్తుంది. రాత్రి చెరువు దగ్గర నుంచి చేస్తే దొరకదు, కరెంటు పోయిందని చెప్పడానికి కూడా కుదరదు.

లంక_మాస్టారు
ఆ మెసేజ్ పచ్చి అబద్ధం రొయ్యల గారూ. కాస్మిక్ కిరణాలు ఓ రాత్రి వచ్చి పోయేవి కావు. ఇప్పుడు మీ అరచెయ్యి చాపితే దాంట్లోంచి సెకనుకు ఒకటి చొప్పున మ్యూఆన్ అనే కణం దూసుకుపోతూనే ఉంటుంది. అంతరిక్షం నుంచి వచ్చిన ప్రోటాన్లు మన వాతావరణం పైపొరల్లో గుద్దుకుంటే పుట్టేవి అవి. మీ తాత చేతిలోంచీ పోయాయి, మీ మనవడి చేతిలోంచీ పోతాయి. ఫోన్‌కీ వాటికీ సంబంధం లేదు. 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్ల ఎత్తుకి పోయి, పైకి వెళ్లేకొద్దీ ఈ రేడియేషన్ పెరుగుతోందని చూశాడు. 1936లో దానికే నోబెల్ ఇచ్చారు.

ఇంకో మాట. కోమాలోని కాస్మిక్ కిరణాలు మన దగ్గరకు రావు, వాటి చిక్కుల్లోనే అవి ఉంటాయి. మనకు అందేది వాటి వల్ల పుట్టిన రేడియో తరంగం. అది తిన్నగా వస్తుంది.

రొయ్యల_చెరువు
ఇది ఆవిడకి చదివి వినిపించాను. అరచెయ్యి చాపి కాసేపు చూసుకుంది. ఫోన్ ఆపనంది. మీకు రుణపడి ఉంటాను.

గట్టుమీద_ఇల్లు
మాది పి.గన్నవరం దగ్గర, వసిష్ఠ నుంచి వైనతేయ చీలే చోటికి దగ్గర్లో. శ్రావణంలో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మా తాత రాగిచెంబు నిండా గోదారి నీళ్లు ముంచి అరుగు మీద పెట్టించేవాడు. గంట పోయాక పైన తేట, అడుగున వేలి మందం ఒండ్రు. చెంబు మెల్లగా వంచి ఒండ్రు చూపించి, "ఇదంతా ఇవాళ పైనుంచి వచ్చిందనుకోకు. చాలావరకు మన రేవులో పడున్నదే, నీళ్లు తిరగేశాయి" అనేవాడు. సుడి తిరిగే చోట ముంచితే బురద. అదే రోజున వంద గజాలు ఇవతల నీళ్లు కదలని మడుగులో ముంచితే తేట.

రాజోలు తమ్ముడి ప్రశ్న చదివితే అదే గుర్తొచ్చింది. ఆ ఎలక్ట్రాన్లు ఇవాళ ఎక్కడి నుంచో రావాలని ఎందుకనుకోవాలి? పాతవే అక్కడ చల్లబడి పడున్నాయేమో, ఏదో వచ్చి తిరగేసిందేమో. నాకు ఫిజిక్స్ రాదు, ఇంటర్ సీఈసీ.

నిడదవోలు_నుంచి_పుణె
గట్టుమీద గారూ, పేపర్లలో పాతిక పేజీల్లో ఉండే విషయాన్ని మీ తాతగారు చెంబుతో చూపించేశారు!

నేను కొన్నేళ్లు పుణె దగ్గరున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు డేటా మీద పనిచేశాను, సరిగ్గా ఈ హాలోల మీదే. మీరన్నదాన్నే ఫిజిక్స్‌లో మళ్లీ వేగం ఎక్కించడం అంటారు. జరిగేది ఇదీ.

గెలాక్సీ క్లస్టర్లు ఒక్కసారిగా పుట్టవు. చిన్నవి ఒకదాంట్లో ఒకటి పడి పెద్దవవుతాయి. రెండు పెద్ద క్లస్టర్లు గుద్దుకుంటే విడుదలయ్యే శక్తి, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితం మొత్తంలో ఇచ్చేదానికి కొన్ని లక్షల కోట్ల రెట్లు. మహావిస్ఫోటనం తర్వాత విశ్వంలో అంత శక్తి విడుదలయ్యే ఘటన మరొకటి లేదు. అందులో ఎక్కువ భాగం గ్యాసును వేడి చేయడానికి పోతుంది. కొంత సుళ్లుగా మారుతుంది, లక్షల కాంతి సంవత్సరాల సుళ్లు. అవి పెద్దవి నుంచి చిన్నవిగా విరుగుతూ వంద కోట్ల ఏళ్ల లెక్కన తిరుగుతూనే ఉంటాయి.

అక్కడ ముందే పాత ఎలక్ట్రాన్లు ఉన్నాయి. ఎప్పుడో గెలాక్సీల నడిమి బ్లాక్‌హోల్స్ చిమ్మినవి, పాత షాక్ తరంగాల్లో పుట్టినవి. రేడియోలో వెలిగే శక్తి పోయింది, కానీ పూర్తిగా చల్లబడలేదు. నిశ్చలంగా ఉన్నప్పటి శక్తికి కొన్ని వందల రెట్ల దగ్గర ఆగిపోయాయి. ఆ స్థాయిలో నష్టం చాలా నెమ్మది, అందుకే వందల కోట్ల ఏళ్లు అలా ఉండగలవు. ఇదే మీ అడుగు ఒండ్రు. సుడి వచ్చి మళ్లీ పదివేల రెట్ల దాకా లేపితే రేడియోలో కనబడతాయి. లేపడం ఎక్కడికక్కడే జరుగుతుంది కాబట్టి ఎవరూ 15 లక్షల కాంతి సంవత్సరాలు నడవాల్సిన పనిలేదు.

రాజోలు_ఎమ్మెస్సీ
అక్కా, ఒక్క డౌటు. సుడి అన్నాక అటూ తోస్తుంది, ఇటూ తోస్తుంది. కొన్నిసార్లు ఎలక్ట్రాన్‌కి శక్తి పెరుగుతుంది, కొన్నిసార్లు తగ్గుతుంది. సగటున సున్నా అవ్వాలి కదా?

నిడదవోలు_నుంచి_పుణె
నీకు రావులపాలెం నుంచి రాజోలు రోడ్డు అలవాటే కదా. బండి మీద వస్తుంటే గంటలో నీకు ఎదురొచ్చే లారీలు ఎన్ని, నువ్వు దాటే లారీలు ఎన్ని? రోడ్డు మీద రెండు వైపులా సమానంగా పోతున్నా, నీకు తగిలేవి ఎదురొచ్చేవే ఎక్కువ. ఎలక్ట్రాన్‌కీ అంతే. కదిలే అయస్కాంత గ్యాసు ముద్దలు ఎదురొచ్చి తగిలితే శక్తి పెరుగుతుంది, వెనక నుంచి అందుకుంటే తగ్గుతుంది. ఎదురొచ్చేవే కాస్త ఎక్కువ కాబట్టి నికరంగా పెరుగుదలే. 1949లో ఎన్రికో ఫెర్మీ చెప్పిన మాట ఇది. పని చాలా నెమ్మదిగా సాగుతుంది, కానీ కోట్ల ఏళ్ల టైము ఉంది.

తాటాకు_పందిరి
లారీల లెక్క బాగుంది. మొన్న గౌతమి వంతెన మీద నాకు ఎదురొచ్చినవే అన్నీ.

లంక_మాస్టారు
నిడదవోలు అమ్మాయి చెప్పింది కాదనను, కానీ అదొక్కటే జవాబన్నట్టు రాసింది. పోటీ వాదన కూడా కుర్రాడికి తెలియాలి.

ఎలక్ట్రాన్లు తొందరగా అలిసిపోతాయి, సరే. ప్రోటాన్లు? అవి దాదాపు రెండు వేల రెట్లు బరువు, వెలుగు రూపంలో శక్తి పోగొట్టుకోవు. క్లస్టర్ గ్యాసు ఎంత పలుచన అంటే లీటరు సీసాలో ఒక్క కణం. అంత పలుచనలో ఓ కాస్మిక్ ప్రోటాన్ ఇంకోదాన్ని గుద్దాలంటే సగటున 3,000 కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్లు! కాబట్టి క్లస్టర్ పుట్టినప్పటి నుంచి వచ్చిన ప్రోటాన్లన్నీ దాంట్లోనే పోగుపడి ఉండాలి. వాటిలో అరుదుగా కొన్ని గుద్దుకుంటాయి. గుద్దినప్పుడు పయాన్లనే కణాలు పుడతాయి, విద్యుదావేశం ఉన్న పయాన్లు చివరికి ఎలక్ట్రాన్లుగా తేలతాయి. అంటే క్లస్టర్ అంతటా, ప్రతి మూలా, ఎప్పటికప్పుడు తాజా ఎలక్ట్రాన్లు. ఎవరూ నడవక్కర్లేదు, సుడీ అక్కర్లేదు. 1980లో డెన్నిసన్ చెప్పిన వాదన ఇది. నాకు ఇదే అందంగా తోస్తుంది.

నిడదవోలు_నుంచి_పుణె
అందంగానే ఉంటుంది మాస్టారూ, నేనూ మొదట్లో దాని పక్షమే. రెండు విషయాలు నా మనసు మార్చాయి.

మొదటిది గామా కిరణాలు. ప్రోటాన్లు గుద్దుకుంటే ఆవేశం లేని పయాన్లు కూడా పుడతాయి, అవి విరిగి గామా కిరణాలవుతాయి. ఎలక్ట్రాన్లు అన్ని పుట్టాలంటే గామా కూడా ఆ మేరకు రావాలి, తప్పించుకునే దారి లేదు. 2008లో గామా కిరణాలు చూసే ఫెర్మీ ఉపగ్రహం ఎగిరింది. ఏళ్ల తరబడి క్లస్టర్ల వైపు చూసింది. ఈ వాదన ఒక్కటే నిజమైతే రావాల్సినంత గామా రాలేదు. కోమా వైపు నుంచి మసక సంకేతం ఉందని తర్వాత కొందరు చూపించారు, అది కూడా హాలో మొత్తాన్ని నిలబెట్టడానికి చాలదు.

రెండోది నేను కళ్లారా చూసింది. ప్రోటాన్లు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ప్రతి పెద్ద క్లస్టర్‌లోనూ హాలో ఉండాలి, అవునా? జీఎంఆర్‌టీతో వెతికిన సర్వేలో మూడోవంతు కన్నా తక్కువ క్లస్టర్లలోనే కనబడింది. కనబడినవి దాదాపు అన్నీ ఈ మధ్య గుద్దుకున్నవే. ప్రశాంతంగా ఉన్నవాటిలో ఎంత సేపు చూసినా ఏమీ లేదు. నేను డేటా శుభ్రం చేసిన వాటిలో ఒకటి అలాంటిదే. రెండు నెలలు కూర్చున్నా. ప్రతిసారీ ఖాళీ. నా తప్పేమో, ఎక్కడో కాలిబ్రేషన్ పాడు చేశానేమో అని మళ్లీ మొదటి నుంచి చేశా. ఖాళీయే. ఆ ఖాళీయే ఫలితమని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

గట్టుమీద_ఇల్లు
నీళ్లు కదలని మడుగులో తేట!

నిడదవోలు_నుంచి_పుణె
అదేనండీ.

డ్రెయిన్_బాధితుడు
మా ఊరి డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీసే నాథుడు లేడు. వానొస్తే చేలో మోకాల్లోతు నీళ్లు. మీరేమో 32 కోట్ల కాంతి సంవత్సరాల అవతల మట్టి కలిపినవాడెవడని కొట్టుకుంటున్నారు. దీనివల్ల ఎవడికి ఒరిగేదేంటి?

రొయ్యల_చెరువు
అన్నా, నీ బాధ నాకు తెలుసు, మాదీ అదే డ్రెయిన్ చివర. కానీ ఈ చర్చ చదవబట్టే నాకో సంగతి వెలిగింది, నష్టపోయిన సంగతి.

రెండేళ్ల కిందట ఓ రాత్రి ఆక్సిజన్ పడిపోయిందని కంగారుపడి ఏరియేటర్లు అన్నీ ఒక్కసారి వేశాను. ఒకటి పాత మట్టి పేరుకున్న మూల ఉంది. దాని చక్రం తిరిగేసరికి అడుగు నుంచి నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. టార్చి వేస్తే నీళ్లు పొగలా కనబడ్డాయి. తెల్లారేసరికి ఆ వైపు రొయ్య తేలిపోయింది. మేత మారిందనీ, సీడు మంచిది కాదనీ వాళ్లనీ వీళ్లనీ అనుకున్నాను. కొత్తది ఏమీ రాలేదు, నా చెరువులో ఎన్నాళ్ల నుంచో పడున్నదే లేచింది.

ఇంకోటి కూడా గమనించాను. చక్రం ఎంత తిప్పినా అడుగున ఇసుక లేవదు. తేలికైన బురదే లేస్తుంది. ఆకాశంలో కూడా అంతేనా? ముందే సగం లేచి ఉన్నదే లేస్తుందా, లేక అన్నీ లేస్తాయా?

నిడదవోలు_నుంచి_పుణె
అన్నీ లేవవు. మామూలు వేడి గ్యాసులోని ఎలక్ట్రాన్లను ఈ సుళ్లు రేడియో స్థాయికి లేపలేవు, శక్తి చాలదు, ఇచ్చినదంతా గ్యాసు వేడెక్కడానికే పోతుంది. ముందే కాస్త లేచి ఉన్నవి కావాలి. విత్తనాలు అంటాం వాటిని. ఆ విత్తనాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ఇప్పటికీ వాదన. ఇక్కడ మాస్టారు గారి ప్రోటాన్లు మళ్లీ వస్తాయి. అవి గుద్దుకుని పుట్టించిన కొద్దిపాటి ఎలక్ట్రాన్లే విత్తనాలు కావచ్చు. తర్వాత సుడి లేపుతుంది.

లంక_మాస్టారు
అంటే నేను పూర్తిగా ఓడలేదన్నమాట. సంతోషం అమ్మా. ఆ గామా వాదన గట్టిదే, ఒప్పుకుంటున్నాను. అయితే ప్రశాంతమైన క్లస్టర్లలో కొన్నింటికి నడిమధ్య చిన్న హాలో ఉంటుంది కదా, పెర్సియస్ క్లస్టర్‌లో లాగా. అక్కడ గుద్దుకోవడం లేదు. దాని మాటేమిటి?

నిడదవోలు_నుంచి_పుణె
అక్కడ ఇంకా తేలలేదు. నడిమి గ్యాసు చెంబులో నీళ్లలా అటూ ఇటూ ఊగుతోంది, దాని సుళ్లే కారణమని కొందరు. ప్రోటాన్లే అని కొందరు. నేను ఏ పక్షమూ చెప్పలేను.

తాటాకు_పందిరి
గ్యాసు వేడి ఎంత అసలు?

రాజోలు_ఎమ్మెస్సీ
కోమాలో సుమారు 10 కోట్ల డిగ్రీలు అన్నా. ఎక్స్‌రేల్లో వెలుగుతుంది.

తాటాకు_పందిరి
అందులో చెయ్యి పెడితే?

లంక_మాస్టారు
కాలదు. లీటరుకు ఒక్క కణం, ఎంత వేడిదైనా ఏం కాలుస్తుంది? చలికి గడ్డ కట్టుకుపోతారు.

యానాం_రేవు
జీఎంఆర్‌టీ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. నాలుగేళ్ల కిందట ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ఖోడద్ వెళ్లాను. పుణె నుంచి నాసిక్ దారిలో 80 కిలోమీటర్లు, నారాయణగావ్ దగ్గర దిగి లోపలికి పోవాలి. ద్రాక్ష తోటల మధ్యలో డిష్షులు. మొత్తం 30, ఒక్కోటి 45 మీటర్ల అడ్డం. 14 ఒకే చోట దగ్గర దగ్గరగా, మిగతా 16 మూడు చేతులుగా 25 కిలోమీటర్ల మేర పరిచి ఉన్నాయి.

మా నాన్న వేటకి పోయేవాడు, నేను వల అల్లడం చూస్తూ పెరిగాను. దూరం నుంచి డిష్ అంటే రేకు అనుకున్నా. కిందకి పోయి తలెత్తి చూస్తే వల! సన్నటి స్టీలు తీగ, అర మిల్లీమీటరు పైచిలుకు మందం, కన్ను సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్లు. ఆకాశం ఆ కన్నుల్లోంచి నీలంగా కనబడుతోంది. గాలి వీస్తుంటే మా ఇంటి ముందు ఆరేసిన వల చప్పుడే. "కన్నుల్లోంచి రేడియో తరంగం జారిపోదా?" అని అక్కడున్నాయన్ని అడిగాను. "మీరు రెండు సెంటీమీటర్ల కన్ను వలతో మూరెడు చేపను పడితే జారిపోతుందా?" అన్నాడు. వాళ్లు పట్టే తరంగాల పొడవు 20 సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్ల దాకా ఉంటుందట. రేకు అయితే గాలికి ఆపలేరు, బరువుకీ ఖర్చుకీ ఆగదు. తీగ వలను తాళ్ల మీద లాగి కట్టడం గోవింద్ స్వరూప్ గారి ఆలోచన. 2020లో పోయారాయన. ఆ డిష్ కింద నిలబడి మా నాన్నకి ఫోన్ చేశాను. "ఏం పడుతుందిరా దాంట్లో?" అన్నాడు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇవాళ ఈ చర్చ చదివాక చెప్పగలను.

గట్టుమీద_ఇల్లు
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిడదవోలు_నుంచి_పుణె
యానాం గారూ, ఆ వలలో పడ్డ పెద్ద చేపల్లో ఒకటి ఏబెల్ 521 అనే క్లస్టర్. 2008లో దాని హాలోను 240 మెగాహెర్ట్జ్ దగ్గర చూస్తే స్పష్టంగా ఉంది, 1,400 దగ్గర చూస్తే దాదాపు లేదు. అంటే ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు అయిపోయాయి, తక్కువవే మిగిలాయి. సుడి లేపగలిగినంత లేపి అక్కడితో ఆగిపోయింది. పొట్టి తరంగాల వైపు పోయేకొద్దీ వెలుగు అంత నిటారుగా పడిపోవడం ప్రోటాన్ల వాదనతో రావడం చాలా కష్టం. రాజోలు తమ్ముడూ, ఇది నీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టు. పొడవు తరంగాల వల లేకపోతే ఇది దొరికేదే కాదు.

పాలకొల్లు_ఆడపడుచు
ఇంతసేపు చదువుతూ కూర్చున్నా, పాలు పొంగిపోయాయి. నాదో చిన్న ప్రశ్న. గుద్దుకున్నప్పుడు సుళ్లు నడుమ వస్తాయి, సరే. అంచున ఏమీ జరగదా? పోటు వచ్చినప్పుడు గోదారిలో నీటి అంచు ముందుకొస్తుంది కదా, అలాంటిది?

నిడదవోలు_నుంచి_పుణె
జరుగుతుంది, మంచి ప్రశ్న. అంచున షాక్ తరంగం బయటికి పోతుంది, ధ్వని వేగానికి రెండు మూడు రెట్లు. అక్కడి ధ్వని వేగమే సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైన. ఆ షాక్ దగ్గర ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని విల్లులా వంగిన సన్నటి గీతగా వెలుగుతాయి. రెలిక్ అంటాం. 2010లో ఫాన్ వీరెన్ బృందం ఒకటి చూపించింది, 65 లక్షల కాంతి సంవత్సరాల పొడవు. దాని ముద్దుపేరు సాసేజ్. ఇంకోదాని పేరు టూత్‌బ్రష్. బయటి అంచున ఎలక్ట్రాన్లు తాజాగా ఉంటాయి, లోపలికి వచ్చేకొద్దీ ముసలివైపోతాయి. షాక్ ఎటు పోయిందో ఆ గీతే చెబుతుంది.

తాటాకు_పందిరి
మనవాళ్లు పేరు పెట్టి ఉంటే వేపపుల్ల అయ్యేది. సాసేజ్ బదులు ములక్కాడ.

పాలకొల్లు_ఆడపడుచు
ఫొటో వెతికి చూశా. ములక్కాడే!

డ్రెయిన్_బాధితుడు
నేను పైన విసుక్కున్నా. యానాం ఆయన రాసింది చదివి మా చిన్నదానికి వినిపించాను, తొమ్మిదో తరగతి. "అంత దూరంలో అయస్కాంతం ఉందని ఎలా తెలుసు నాన్నా, దిక్సూచి తీసుకుపోయారా?" అంటోంది. ఎవరైనా చెప్పండి, నాకు చేతకాదు.

లంక_మాస్టారు
పాపకి నా ఆశీస్సులు. దిక్సూచి అక్కర్లేదమ్మా, వెలుగే దిక్సూచి. క్లస్టర్ వెనకాల దూరంగా ఉన్న రేడియో గెలాక్సీ నుంచి వచ్చే తరంగాలకు ఊగే దిశ ఒకటి ఉంటుంది, తాడు పైకీ కిందకీ ఊపినట్టు. అయస్కాంతం ఉన్న గ్యాసులోంచి వస్తే ఆ దిశ మెలి తిరుగుతుంది. పొడవు తరంగం ఎక్కువ తిరుగుతుంది, పొట్టి తరంగం తక్కువ. తేడా కొలిస్తే అయస్కాంతం బలం తెలుస్తుంది. కోమా నడుమ అది భూమి అయస్కాంతంలో సుమారు లక్షో వంతు. అంత బలహీనమైనదే అయినా లక్షల కాంతి సంవత్సరాల మేర ఉంది కాబట్టి పని చేస్తోంది.

డ్రెయిన్_బాధితుడు
చెప్పాను మాస్టారు. దుప్పటి చివర పట్టుకుని పైకీ కిందకీ ఊపి, ఇలాగేనా అని అడిగింది. ఔనన్నాను.

రాజోలు_ఎమ్మెస్సీ
ఇవాళ గైడ్ గారి దగ్గరకు లెక్క కాగితం తీసుకెళ్లాను. 33 వేలు, 15 లక్షలు పక్కపక్కన రాసి చూపించాను. కాసేపు చూసి, "ఇది రెండో చాప్టర్ మొదట్లో పెట్టు" అన్నారు. తర్వాత "నాకూ ఆ జాఫే పేపరు పంపు" అన్నారు. చాలా సంతోషంగా ఉంది. గట్టుమీద గారూ, మీ తాతగారి చెంబు సంగతి ముందుమాటలో రాయొచ్చా?

గట్టుమీద_ఇల్లు
రాయి బాబూ. పేరొద్దు, పి.గన్నవరం తాత అని రాస్తే చాలు. ఆ చెంబు ఇంకా మా ఇంట్లోనే ఉంది.

లంక_మాస్టారు
ఇంకో మాట బాబూ. కోమాకి హాలోతో పాటు అంచున ఓ రెలిక్ కూడా ఉంది, 1253+275 అని. రెండూ ఒకే క్లస్టర్‌లో ఉన్నాయి కాబట్టి వదిలెయ్యకు, మూడో చాప్టర్‌లో పెట్టుకో.

యానాం_రేవు
వచ్చే ఫిబ్రవరికి మళ్లీ ఖోడద్ వెళ్తున్నా, ఈసారి మా నాన్నని తీసుకుని. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సామర్లకోటలో ఎక్కితే తిన్నగా పుణె. ఎవరైనా వస్తానంటే టికెట్లు కలిపి తీస్తా.

రాజోలు_ఎమ్మెస్సీ
నాకొకటి.

రొయ్యల_చెరువు
పట్టుబడి అయిపోతుంది అప్పటికి. నాకూ మా ఆవిడకీ రెండు.

డ్రెయిన్_బాధితుడు
రాజమండ్రిలో ఎక్కుతాం. నాకొకటి, పాపకి కిటికీ పక్కది.